నల్లగొండ నుంచి పోస్ట్‌డాక్: 64 మెయిళ్లు పెట్టాను, జవాబులు రావడం లేదు

పానగల్లు_కెమిస్ట్రీ

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ పక్కన పల్లె. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేశాను. బోరు నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే అడ్సార్బెంట్ల (ఫ్లోరైడ్‌ను తమ ఉపరితలానికి పట్టుకునే పదార్థాల) మీద పని. థీసిస్ ఇచ్చి నాలుగు నెలలైంది, వైవా ఇంకా కాలేదు. మూడు పేపర్లున్నాయి, రెండింటిలో మొదటి పేరు నాదే. వయసు 32.

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత ఒక ప్రొఫెసర్ దగ్గర కొంతకాలం చేసే పరిశోధన ఉద్యోగం) కోసం రెండు నెలల్లో 64 మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను. జర్మనీ, కొరియా, జపాన్, అమెరికా అన్నీ కలిపి. ఇద్దరు మాత్రం "ప్రస్తుతం నిధులు లేవు" అని ఒక్క లైన్ రాశారు. మిగతా 62 మంది నుంచి ఏమీ లేదు. మా డిపార్ట్‌మెంట్ నుంచి ఇప్పటిదాకా బయటికి పోస్ట్‌డాక్ కోసం వెళ్లినవాళ్లు లేరు, అడుగుదామంటే మనిషి లేడు. మా నాన్న ఏమీ అనడు. కానీ బస్టాండులో ఎదురైన ప్రతి ఒక్కరూ "ఇంకా చదువేనా బిడ్డా" అంటుంటే రాత్రి నిద్ర పట్టడం లేదు.

నాది చిన్న యూనివర్సిటీ కాబట్టే చూడటం లేదా? వైవా అయ్యేదాకా ఆగాలా? ఇక్కడే ఏదైనా చూసుకోవడం మంచిదా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఉదయసముద్రం

తమ్ముడూ, ముందు నువ్వు పంపిన మెయిల్ ఇక్కడ పెట్టు. పేర్లు తీసేసి, తెలుగులో చెప్పినా సరే. అది చూడకుండా ఎవరేం చెప్పినా గాలిలో చెప్పినట్టే.

నాదీ నల్లగొండే. ఎన్జీ కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత హైదరాబాద్, ఇప్పుడు యూరప్‌లో రెండో పోస్ట్‌డాక్. మా ల్యాబ్‌లో పీఐకి, అంటే ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌కు, రోజూ ఇలాంటి మెయిళ్లు వస్తాయి. ఆయన పక్కన కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నా. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలై, మొదటి పేరాలో తన ల్యాబ్ పేరు గానీ తన పని గానీ లేకపోతే అక్కడితో మూసేస్తాడు. యూనివర్సిటీ పేరు దాకా చదవడు. కాబట్టి చిన్న యూనివర్సిటీ అన్న దిగులు ఇప్పుడే పెట్టుకోకు. నీ యూనివర్సిటీ పేరు చూసి కాదనే స్థితికి నీ మెయిల్ ఇంకా చేరనే లేదేమో.

పానగల్లు_కెమిస్ట్రీ

అన్నా, ధన్యవాదాలు. నేను పంపింది ఇంగ్లీషులో ఉంది. సారం ఇది:

"గౌరవనీయులైన సర్ లేదా మేడమ్, నేను ఫలానా విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పూర్తి చేశాను. మీ ప్రతిష్ఠాత్మక ల్యాబ్‌లో పనిచేయాలని నాకు ఎంతో ఆసక్తి. నేను కష్టపడి పనిచేస్తాను, బృందంలో కలిసిపోతాను. ఎక్స్ఆర్‌డీ, ఎఫ్‌టీఐఆర్, ఎస్ఈఎం, యూవీ పరికరాలు వాడటం వచ్చు. మీ దగ్గర ఖాళీ ఉంటే దయచేసి అవకాశం ఇవ్వగలరు. నా సీవీ జతచేశాను."

సీవీ తొమ్మిది పేజీలు. పదో తరగతి మార్కుల నుంచి అన్నీ ఉన్నాయి.

ఉదయసముద్రం

అనుకున్నట్టే ఉంది. బాధపడకు, నా మొదటి మెయిలూ అచ్చం ఇదే.

ఇందులో ఫ్లోరైడ్ అన్న మాటే లేదు, చూశావా? నల్లగొండ అన్న మాట కూడా లేదు. ప్రపంచంలో తాగునీటి ఫ్లోరైడ్ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ మన జిల్లా పేరు తెలుసు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసింది, దాని పేరే "నల్లగొండ టెక్నిక్". ఇథియోపియాలో, టాంజానియాలో కూడా దాన్ని వాడి చూశారు. బురద ఎక్కువ రావడం, నీళ్లలో అల్యూమినియం మిగిలిపోవడం దాని ఇబ్బందులని నీకు నాకంటే బాగా తెలుసు. నువ్వు ఆ ఊరివాడివి, ఆ నీళ్లు తాగి పెరిగినవాడివి, ఆ సమస్య మీదే ఐదేళ్లు పనిచేశావు. ఇంత ఉండి, ఎఫ్‌టీఐఆర్ వాడటం వచ్చని రాశావు. ఎఫ్‌టీఐఆర్ ఎవరికైనా వచ్చు తమ్ముడూ.

ఒక్క ప్రశ్న అడుగుతా, ఇక్కడే జవాబు రాయి. నీ థీసిస్‌లో నీకు తెలిసి ఇంకొకరికి తెలియని విషయం ఏమిటి?

పానగల్లు_కెమిస్ట్రీ

ఆలోచించి రాస్తున్నా. ల్యాబ్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి తయారుచేసిన నీళ్లలో మా హైడ్రాక్సీఅపటైట్ (ఎముకల్లో ఉండే లాంటి కాల్షియం ఖనిజం) మెటీరియల్ చాలా బాగా పనిచేసింది. అదే మెటీరియల్‌ను మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లలో వేస్తే సామర్థ్యం బాగా పడిపోయింది. ఆ నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్ వల్ల అని తేలింది. అది అడ్డుపడకుండా మెటీరియల్‌ను కొంచెం మార్చాను, కొంతవరకు కోలుకుంది. ఇది మూడో పేపర్‌లో ఉంది. చాలామంది ల్యాబ్ నీళ్లతోనే ఆపేస్తారు, మేం 40 బోర్ల నీళ్లు తెచ్చి చేశాం. మండు వేసవిలో బండి మీద డబ్బాలు కట్టుకుని తిరిగాను.

ఉదయసముద్రం

ఇదీ మెయిల్. ఇదే నీ మొదటి పేరా.

వరుస ఇలా పెట్టు. మొదటి వాక్యంలో ఆ ప్రొఫెసర్ ఇటీవలి పేపర్ ఏది చదివావో, అందులో నిన్ను ఏది ఆపిందో రాయి. పేపర్ పేరు కాపీ కొడితే సరిపోదు, లోపలి విషయం ఒకటి ఉండాలి. రెండో వాక్యంలో నీ బైకార్బొనేట్ సంగతి. మూడోదాంట్లో ఆయన పనికీ నీ పనికీ ముడి ఎక్కడ పడుతుందో, కలిసి చేస్తే ఏ ప్రశ్న తేల్చవచ్చో. నాలుగోది డబ్బు సంగతి: "మీ దగ్గర నిధులు లేకపోయినా ఫలానా ఫెలోషిప్‌కు మీరు హోస్ట్‌గా (మీ ల్యాబ్‌లో చోటిచ్చేవారిగా) ఉంటే నేను దరఖాస్తు రాసుకుంటాను" అని. ఈ నాలుగో వాక్యం ఉంటే జవాబు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. ఎందుకంటే నిధులు లేని పీఐ కూడా "సరే, మాట్లాడదాం" అనగలడు. మొత్తం రెండు వందల పదాలు దాటనీయకు. సీవీ రెండు, మూడు పేజీలు చాలు. పదో తరగతి మార్కులు తీసెయ్.

64 మందికి కాదు, 12 మందికి రాయి. ఒక్కో మెయిల్‌కు ఒక రోజు పడుతుంది, పట్టనీ. జవాబు రాకపోతే పది రోజులకు ఒకసారి, ఒక్కసారే, గుర్తుచెయ్.

సోమశిల_ఫిజిక్స్

ఉదయసముద్రం గారూ, ఒక చోట మీతో విభేదిస్తాను. మా రంగంలో ఇలా మెయిల్ పెట్టి ఉద్యోగం వచ్చినవాళ్లను నేను చాలా తక్కువ చూశాను. నాకు మూడు ఆఫర్లు వచ్చాయి, మూడూ ప్రకటన చూసి పెట్టినవే. ప్రకటన ఉందంటే డబ్బు మంజూరైందని అర్థం, ఎవరో ఒకరిని తీసుకోక తప్పదు. ఖాళీ ఉందో లేదో తెలియని చోట తలుపు తట్టడం కన్నా తెరిచి ఉన్న తలుపు వెతకడం మేలు.

ఎక్కడ వెతకాలంటే, యూరప్ మొత్తానికి యూరాక్సెస్. బ్రిటన్‌కు జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే. గణితం వాళ్లకు మ్యాథ్‌జాబ్స్, అకడమిక్ జాబ్స్ ఆన్‌లైన్. పార్టికల్ ఫిజిక్స్‌కు ఇన్‌స్పైర్. బయాలజీ వాళ్లకు మనదేశంలో ఇండియా బయోసైన్స్. నేచర్ కెరీర్స్ అందరికీ. రోజూ తిరిగి చూడనక్కర్లేదు, కీలక పదాలు పెట్టి ఈమెయిల్ అలర్ట్ చేసుకోండి.

ఇంకో మాట. ప్రకటనలో అడిగిన పది అర్హతల్లో ఆరు ఉంటే పెట్టేయండి. మన ఊళ్లవాళ్లు పదికి పది ఉంటే గానీ కదలరు. నేనూ అట్లాగే ఏడాది పోగొట్టుకున్నాను.

ఉదయసముద్రం

మీ రంగానికి అది నిజమే కావచ్చు. థియరీ ఫిజిక్స్‌లో అందరూ ఒకే కాలంలో ప్రకటిస్తారు, ఒకే కాలంలో తీసుకుంటారు. కెమిస్ట్రీ, మెటీరియల్స్, బయాలజీ అట్లా నడవవు. పీఐ చేతికి గ్రాంట్ వచ్చినప్పుడు ముందు తెలిసినవాళ్లను అడుగుతాడు, అప్పటికే బాగా రాసి ఉన్నవాళ్లను గుర్తుతెచ్చుకుంటాడు, ఆ తర్వాతే ప్రకటన. రెండూ చేయాలి. తమ్ముడి పరిస్థితికి మెయిల్ దారి ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం, అతని దగ్గర చెప్పుకోవడానికి గట్టి విషయం ఉంది కాబట్టి.

పిల్లలమర్రి

నేను మహబూబ్‌నగర్. బయోటెక్నాలజీ. ఇక్కడ ఉండి చేయడం గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. అందరికీ విదేశం కుదరదు. నాకు పాప ఉంది, అత్తమ్మకు ఆరోగ్యం బాగుండదు.

తమ్ముడు తప్పక పెట్టాల్సింది నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్, ఎన్‌పీడీఎఫ్ అంటారు. ముందు సెర్బ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చేది. 2023లో వచ్చిన చట్టంతో అది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసింది, ఇప్పుడు అక్కడ వెతకాలి. రెండేళ్లు ఇస్తారు. వయసు 35 దాకా. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, వికలాంగులు, మహిళలకు ఐదేళ్ల సడలింపు. ముఖ్యమైన సంగతి: థీసిస్ ఇచ్చి వైవా కోసం చూస్తున్నవాళ్లూ పెట్టుకోవచ్చు. పట్టా వచ్చేదాకా ఫెలోషిప్ కొంచెం తక్కువ ఇస్తారు, అంతే. కాబట్టి "వైవా అయ్యేదాకా ఆగాలా" అన్న ప్రశ్నకు నా జవాబు, ఒక్క రోజు కూడా ఆగొద్దు. దీనికి కూడా ముందు మెంటార్ ఒప్పుకోవాలి. నోటిఫికేషన్ పడ్డాక మెంటార్‌ను వెతికితే అప్పటికే వాళ్ల దగ్గర వేరేవాళ్లు ఖాయమై ఉంటారు. రెండు మూడు నెలల ముందే మాట్లాడుకోవాలి.

రెండోది సీఎస్ఐఆర్ రీసెర్చ్ అసోసియేట్‌షిప్ (ఆర్ఏ అంటారు). బయాలజీ వాళ్లకు డీబీటీ, అంటే కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, ఇచ్చే ఆర్ఏ కూడా ఉంది. మూడోది ప్రాజెక్టుల్లో ఆర్ఏ పోస్టులు. తార్నాకలో ఐఐసీటీ (కెమిస్ట్రీ), హబ్సిగూడలో సీసీఎంబీ (బయాలజీ), ఉప్పల్‌లో ఎన్‌జీఆర్ఐ (భూభౌతిక శాస్త్రం), కందిలో ఐఐటీ, పటాన్‌చెరులో ఇక్రిశాట్, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ. వీటన్నింటి వెబ్‌సైట్లలో ఉద్యోగాల పేజీ వారానికోసారి చూడండి. 2023 జనవరి 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం ఆర్ఏ-1కి నెలకు 58,000, ఆర్ఏ-2కి 61,000, ఆర్ఏ-3కి 67,000, పైన హెచ్ఆర్ఏ. డబ్బు విడుదల ఆలస్యమవుతుంది, అది నిజం. నాకు ఒకసారి ఐదు నెలలు రాలేదు. చేతిలో నాలుగైదు నెలల ఖర్చు లేకుండా చేరితే ఇబ్బంది పడతారు. ఇది ఎవరూ ముందు చెప్పరు, అందుకే రాస్తున్నా.

తమ్ముడిది నీళ్ల పని కాబట్టి ఒక విషయం. ఎన్‌జీఆర్ఐ వాళ్లకు చౌటుప్పల్‌లో భూగర్భ జలాల పరిశోధన క్షేత్రం ఉంది. అక్కడి నుంచి ఫ్రెంచ్ శాస్త్రవేత్తలతో కలిసి ఎన్నో పేపర్లు వచ్చాయి. నీకు గంట ప్రయాణం. ఆ పేపర్లలో ఉన్న పేర్లే నీ మెయిల్ జాబితాకు మంచి మొదలు.

పానగల్లు_కెమిస్ట్రీ

అక్కా, ఆ రోడ్డు మీదుగా హైదరాబాద్ ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. పక్కనే అది ఉందని తెలియదు. ఈ రాత్రే చూస్తాను.

కోయిల్‌సాగర్

అందరూ సైన్స్ వాళ్లే ఉన్నట్టున్నారు. నాది ఎకనామిక్స్, పాలమూరు వలసల మీద పీహెచ్‌డీ. వయసు 41. మాకు పోస్ట్‌డాక్ అనేది ఉంటుందా? మా గైడ్ గారికి కూడా స్పష్టత లేదు.

పిల్లలమర్రి

అన్నా, సామాజిక శాస్త్రాల పరిశోధనకు డబ్బిచ్చే ఐసీఎస్ఎస్ఆర్ వాళ్ల పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ మీకోసమే. రెండేళ్లు. వయసు 45 దాకా. ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు మరో ఐదేళ్లు. ఒక సంస్థకు అనుబంధంగా, ఒక పర్యవేక్షకుడి దగ్గర చేయాలి. నోటిఫికేషన్ వచ్చాక గడువు తక్కువ ఉంటుంది, ప్రపోజల్ ఇప్పటి నుంచే రాసి పెట్టుకోండి.

సోమశిల_ఫిజిక్స్

కోయిల్‌సాగర్ గారూ, మా ఆవిడ ఎకనామిక్స్, తను చెప్పమంది. ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి ఊళ్ల స్థాయిలో ఇంటింటి లెక్కలు సేకరించారు. మొదట తీసుకున్న ఆరు ఊళ్లలో రెండు మన పాత మహబూబ్‌నగర్ జిల్లావే: దేవరకద్ర దగ్గర దోకూరు ఒకటి, పేపర్లలో ఔరేపల్లె అని కనిపించేది ఇంకొకటి. పల్లెల్లో కరువును జనం ఎట్లా తట్టుకుంటారన్న చర్చలో ప్రపంచమంతా వాడిన సమాచారం అది. ఆ ఊళ్ల లెక్కలతో పనిచేసిన విదేశీ ఆర్థికవేత్తలకు మీరు రాస్తే, మీరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో వాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఆ ఇంటి తలుపు దగ్గర కూర్చుని తెలుగులో మాట్లాడగలిగే పరిశోధకుడు వాళ్లకు సులభంగా దొరకడు.

కోయిల్‌సాగర్

దోకూరు మా చిన్నమ్మ ఊరండీ. నా పీహెచ్‌డీలో ఆ మండలం ఉంది. కానీ ఆ పేపర్ల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మీ ఇంటివారికి నా నమస్కారాలు చెప్పండి.

జడ్చర్ల_జంక్షన్

నా అనుభవం చెబుతాను, ఇంకొకరు పడకూడదని. పోయినేడు ఒక కన్సల్టెన్సీ వాళ్లు పోస్ట్‌డాక్ ఖాయం చేస్తామని 45,000 తీసుకున్నారు. ఒక యూనివర్సిటీ లెటర్ కూడా చూపించారు. ఆ లెటర్ వచ్చిన మెయిల్ ఐడీ యూనివర్సిటీది కాదు, మామూలు ఉచిత ఐడీ. అది నేను గమనించేసరికి డబ్బు పోయింది. నిజమైన పోస్ట్‌డాక్ ఇచ్చేవాళ్లు ఆఫర్ ఇవ్వడానికి మీ దగ్గర డబ్బు అడగరు. అనుమానం వస్తే ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న ఐడీకి మీరే మెయిల్ పెట్టి అడగండి. సిగ్గుపడి ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు.

దేవరకొండ_మాస్టారు

పిల్లలందరికీ ఆశీస్సులు. 31 ఏళ్లు పాఠం చెప్పి రిటైరయ్యాను. పదిమందికి గైడ్‌గా ఉన్నాను. మీరంతా మెయిల్ గురించి, ఫెలోషిప్ గురించి మాట్లాడారు. మన విద్యార్థులు ఓడిపోయేది మూడో చోట, సిఫారసు లేఖల దగ్గర. ఇందులో తప్పు విద్యార్థుల కన్నా మా గైడ్లదే ఎక్కువ, ఆ మాట నేనే చెప్పాలి.

మన దగ్గర లేఖ ఎట్లా తయారవుతుంది? "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటాం. పిల్లవాడు ఇంటర్‌నెట్‌లో దొరికిన నమూనా దించుకొస్తాడు. క్రమశిక్షణ గలవాడు, నిజాయితీపరుడు, ఉజ్వల భవిష్యత్తు ఉంది. ఆ లేఖ చదివిన విదేశీ ప్రొఫెసర్‌కు ఈ మనిషి ఏం చేశాడో ఒక్క ముక్క తెలియదు. పైగా ముగ్గురు గైడ్ల లేఖలూ ఒకే చేత్తో రాసినట్టుంటాయి. నేను కూడా చాలా ఏళ్లు ఇట్లాగే చేశాను. ఒక అమ్మాయికి దాదాపు ఖాయమైన అవకాశం నా లేఖ బలహీనంగా ఉండటం వల్ల పోయిందని ఆమె ఏడాది తర్వాత చెప్పింది. అప్పటి నుంచి మారాను.

కాబట్టి నాయనా, నీ గైడ్‌గారికి లేఖ రాసి ఇవ్వకు. ఒక పేజీ నోట్ రాసి ఇవ్వు. నువ్వు ఏ ప్రయోగం విఫలమైతే ఎట్లా సరిదిద్దావు, ఏ ఆలోచన నీది, ఏ జూనియర్‌కు ఏం నేర్పావు, ఏ తేదీకి ఎక్కడికి పంపాలి. 40 బోర్ల నీళ్లు ఎండలో మోసుకొచ్చిన సంగతి నీ సీవీలో పట్టదు, ఆయన లేఖలో పడుతుంది. ఎదురుగా కూర్చుని అడుగు, ఫోన్లో కాదు. గడువుకు మూడు వారాల ముందు అడుగు.

రెండో లేఖ గైడ్ కానివారిది అయితే బలం ఎక్కువ. నీ పేపర్‌లో సహ రచయిత, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం వెళ్లిన ల్యాబ్‌లోని శాస్త్రవేత్త, ఎవరైనా సరే.

ఇంకొక చిన్న విషయం, కానీ దీని మీదే దరఖాస్తులు ఆగిపోయాయి. చాలా పోర్టళ్లు సిఫారసు చేసేవారి అధికారిక మెయిల్ ఐడీ అడుగుతాయి. మన ప్రొఫెసర్లలో చాలామంది సొంత జీమెయిలే వాడతారు. మీ గైడ్‌గారికి యూనివర్సిటీ ఐడీ ఉందో లేదో, దాని పాస్‌వర్డ్ ఆయనకు గుర్తుందో లేదో ఇప్పుడే కనుక్కో. గడువు రోజు రాత్రి కాదు.

పానగల్లు_కెమిస్ట్రీ

సార్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా సార్ దగ్గర రాసుకురా అన్న మాటే వచ్చింది, నేను నమూనా దించుకుని ఇచ్చాను కూడా. అది వెనక్కి తీసుకుంటాను. రేపే కలుస్తాను.

మూసీ_వాగు

అమెరికా గురించి చెబుతాను, ఇక్కడే ఉన్నాను కాబట్టి. పోస్ట్‌డాక్‌లు ఎక్కువగా జే-1 వీసా మీద, రీసెర్చ్ స్కాలర్ విభాగంలో వస్తారు. గరిష్ఠంగా ఐదేళ్లు. అది ఒకసారి ముగిస్తే మళ్లీ అదే విభాగంలో రావడానికి 24 నెలలు ఆగాలి, అందుకే చిన్న పని కోసం తొందరపడి దాన్ని వాడేయకండి. యూనివర్సిటీ డీఎస్-2019 అనే పత్రం పంపుతుంది, దానితో వీసాకు వెళ్లాలి. పాతవాళ్లు భయపెట్టే "రెండేళ్లు ఇంటికి తిరిగెళ్లాలి" అన్న నిబంధన ఇండియాకు స్కిల్స్ జాబితా (ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో అమెరికా పెట్టుకున్న జాబితా) కారణంగా వర్తించేది. 2024 డిసెంబర్‌లో సవరించిన జాబితాలో ఇండియా లేదు. అయితే మన ప్రభుత్వ డబ్బుతోనో వాళ్ల ప్రభుత్వ డబ్బుతోనో వస్తే ఆ నిబంధన వేరే దారిలో వర్తించవచ్చు, వీసా మీద ఏం రాశారో చదువుకోండి. హెచ్-1బీ మీద తీసుకునే యూనివర్సిటీలు ఉండేవి. 2025 సెప్టెంబర్‌లో బయటి దేశం నుంచి వచ్చే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు కాబట్టి ఆ దారి మీద ఆశ పెట్టుకోకండి.

పరిశోధన నిధుల పరిస్థితి ఇప్పుడు ఇక్కడ బాగాలేదు. తమ్ముడి స్థానంలో నేనుంటే అమెరికాను జాబితాలో చివర పెడతాను. ఇది నా అభిప్రాయం.

ఉదయసముద్రం

ఇక ఫెలోషిప్‌ల సంగతి. యూరప్‌లో మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ పెద్దది. గడువు సెప్టెంబర్‌లో పడుతుంది. పరిశోధన భాగం పది పేజీలు. ఆ గడువుకు ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలల కన్నా ఎక్కువ ఉండకూడదు, ఇండియాలో ఉన్నవాళ్లకు అది సమస్య కాదు. అయితే పోటీ దారుణంగా పెరిగింది. 2024లో 10,360 దరఖాస్తులు, 2025లో 17,058. హోస్ట్ మూడు నెలలు నీతో కూర్చుని రాయకపోతే గెలవడం కష్టం.

జర్మనీకి హంబోల్ట్ ఫెలోషిప్. పీహెచ్‌డీ అయిన నాలుగేళ్లలోపు, 6 నుంచి 24 నెలల దాకా. జర్మనీ అనుకునేవాళ్లు అనబిన్ అనే డేటాబేస్‌లో తమ యూనివర్సిటీ ఎట్లా నమోదైందో ముందే చూసుకోండి. హెచ్ ప్లస్ (గుర్తింపు ఉన్న సంస్థ అని) ఉంటే పత్రాల పని తేలిక.

జపాన్‌కు జేఎస్‌పీఎస్. పీహెచ్‌డీ వచ్చిన ఆరేళ్లలోపు, 12 నుంచి 24 నెలలు, నెలకు 3,62,000 యెన్‌లు, విమాన టికెట్. దరఖాస్తు నువ్వు నేరుగా పెట్టలేవు, అక్కడి హోస్ట్ తన సంస్థ ద్వారా పెట్టాలి. అపటైట్ మెటీరియల్స్ మీద జపాన్‌లో ఎప్పటి నుంచో మంచి పని జరుగుతోంది. నీకు ఇది సరిపోతుందనుకుంటున్నా. అలాగే స్విట్జర్లాండ్‌లో జూరిక్ దగ్గర ఈవాగ్ అనే నీటి పరిశోధన సంస్థ ఉంది, ఇథియోపియాలో ఫ్లోరైడ్ మీద పనిచేసింది. వాళ్ల పేపర్లు చదువు.

కోయిల్‌సాగర్

మధ్యలో ఒక సందేహం. రెండేళ్లు పోస్ట్‌డాక్ చేసి వస్తే ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అది పనికొస్తుందా? మావాళ్లు ఆ రెండేళ్లు వృథా అంటున్నారు.

దేవరకొండ_మాస్టారు

వృథా కాదు. యూజీసీ 2018 నిబంధనల్లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టు పట్టిక చూడండి. బోధన అనుభవంతో సమానంగా పోస్ట్‌డాక్ అనుభవానికీ ఏడాదికి రెండు మార్కులు, మొత్తం పది దాకా ఉంది. వృథా అనేవారికి ఆ పేజీ ప్రింటు తీసి చూపించండి. అనుభవ ధ్రువపత్రం మాత్రం తేదీలతో, జీతం వివరాలతో, అక్కడి నుంచి బయలుదేరే ముందే తీసుకోవాలి.

ఇంకొకటి. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేశారు. అందువల్ల ఇప్పుడు కొందరు పేపర్ లేకుండానే పట్టా తీసుకుంటున్నారు. పట్టా వస్తుంది గానీ పోస్ట్‌డాక్ రాదు. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికల్లో ఐదు వేసే కన్నా, మంచిదాంట్లో ఒకటి వేయండి.

పానగల్లు_కెమిస్ట్రీ (ఐదు వారాల తర్వాత)

అందరికీ చెప్పాలనిపించి రాస్తున్నా. 11 మందికి కొత్త మెయిల్ పెట్టాను. నలుగురు జవాబిచ్చారు. ఒకరు లేదన్నారు, కానీ మూడు వాక్యాలు రాసి ఇంకొకరి పేరు చెప్పారు. హైదరాబాద్‌లో ఒక మేడమ్ ఎన్‌పీడీఎఫ్‌కు మెంటార్‌గా ఉండటానికి ఒప్పుకున్నారు. జపాన్ నుంచి ఒక ప్రొఫెసర్, "ఆ 40 బోర్లలో సిలికా కూడా కొలిచారా" అని అడిగారు. కొలిచాం గానీ పేపర్‌లో పెట్టలేదు. పాత నోట్‌బుక్ తీసి పట్టిక చేసి పంపాను. గురువారం వీడియోలో మాట్లాడదామన్నారు. ఎట్లా సిద్ధం కావాలి?

ఉదయసముద్రం

చాలా సంతోషం తమ్ముడూ. ఆయన ఖాళీ సంగతి మాట్లాడకుండా సిలికా గురించి అడిగాడంటే నీ పని చదివాడు.

ఇరవై నిమిషాలకు పన్నెండు స్లైడ్లు. మొదటిదాంట్లో నల్లగొండ మ్యాప్, ఫ్లోరైడ్ ఎక్కడ ఎంత ఉందో. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేని చోట 1.5 దాకా అన్నది చెప్పు. చివరి రెండు స్లైడ్లు నువ్వు అక్కడ ఏం చేయాలనుకుంటున్నావో. తెలియనిది అడిగితే "అది చేయలేదు, చేయాలంటే ఇట్లా చేస్తాను" అను. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు, టైమ్ రెండుసార్లు చూసుకో. కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్ పక్కన పెట్టుకో. బుధవారం రాత్రి తొమ్మిదికి నాకు కాల్ చెయ్, ఒకసారి చెప్పించుకుంటా.

పిల్లలమర్రి

నన్ను కూడా కాల్‌లో కలపండి. ప్రశ్నలు నేనడుగుతా.

పానగల్లు_కెమిస్ట్రీ

మాట్లాడటం అయింది. గంటంపావు. మొదటి ఐదు నిమిషాలు గొంతు వణికింది, ఆ తర్వాత నీళ్ల గురించి మాట్లాడుతుంటే మామూలైంది. బైకార్బొనేట్ వివరణకు ఇంకో కారణం కూడా ఉండొచ్చని ఆయన అన్నారు, దాని మీదే సగం సేపు నడిచింది. జేఎస్‌పీఎస్‌కు హోస్ట్‌గా ఉంటానన్నారు. వాళ్ల యూనివర్సిటీ లోపలి గడువు అసలు గడువు కన్నా చాలా ముందే ఉందట. పరిశోధన ప్రణాళిక ముసాయిదా పదిహేను రోజుల్లో పంపమన్నారు. ఫెలోషిప్ మొదలయ్యే నాటికి పట్టా చేతిలో ఉండాలి, కాబట్టి వైవా కోసం సోమవారం నుంచి ఎగ్జామ్ బ్రాంచికి రోజూ వెళ్తాను. మేడమ్‌తో ఎన్‌పీడీఎఫ్ పని కూడా ఆపడం లేదు.

మా సార్ లేఖ ఆయనే రాశారు. రెండు పేజీలు. బండి మీద డబ్బాల సంగతి అందులో ఉంది. యూనివర్సిటీ ఐడీ పాస్‌వర్డ్ నిజంగానే మర్చిపోయారు, కంప్యూటర్ సెంటర్‌కు ఇద్దరం వెళ్లి మార్పించుకొచ్చాం.

జడ్చర్ల_జంక్షన్

అన్నా, గైడ్‌గారికి ఇచ్చిన ఆ ఒక పేజీ నోట్, కొత్త మెయిల్ ఇక్కడ పెట్టగలరా? నేను మళ్లీ మొదలుపెడుతున్నాను.

పానగల్లు_కెమిస్ట్రీ

పేర్లు తీసేసి ఆదివారం పెడతాను. మీ మెయిల్ కూడా పెట్టండి, అందరం కలిసి చూద్దాం.